వంటింటి వెనక పొలం ఎవరిది? జమైకా రైతుల అనుభవం

జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లోనో, పర్యాటక పట్టణం మాంటెగో బేలోనో ఒక పెద్ద కూడలిలో నిలబడి చుట్టూ చూస్తే కనిపించే బోర్డుల్లో చాలా భాగం అమెరికావే. కేఎఫ్‌సీ, బర్గర్ కింగ్, పిజ్జా హట్, డామినోస్, వెండీస్, సబ్‌వే. కింగ్‌స్టన్‌లో అమెరికాలోని శాన్ డియాగో కేంద్రంగా నడిచే ప్రైస్‌స్మార్ట్ అనే పెద్ద దుకాణం కూడా ఉంది. 2017 నవంబరులో మాంటెగో బే సముద్రతీరంలో స్టార్‌బక్స్ తలుపులు తెరిచింది. ఇంతా చేస్తే ఆ దేశం ఎంత? విస్తీర్ణంలో మన ఉమ్మడి తూర్పుగోదావరి జిల్లా అంత. జనాభా సుమారు 28 లక్షలు.

ఎక్కడో కరీబియన్ సముద్రంలో ఉన్న ద్వీపం సంగతి మన పత్రికకెందుకని పాఠకులు అడగవచ్చు. అవే బోర్డులు ఇప్పుడు మన జాతీయ రహదారుల పక్కన, జిల్లా కేంద్రాల్లో వెలుస్తున్నాయి. అది ఒక కారణం. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. జమైకాలో ఈ దుకాణాలు వచ్చి దాదాపు యాభై ఏళ్లయింది. ఏ పంట రైతుకు ఏమైందో లెక్క చూసుకోవడానికి అది చాలినంత కాలం. దేశం ఒక్కటే, దుకాణాలూ అవే. అయినా కోళ్ల రైతు నిలబడ్డాడు, పాడి రైతు కూలిపోయాడు. ఈ తేడా ఎక్కడ వచ్చిందో తెలుసుకుంటే మన పోరాటం దేని మీద పెట్టాలో తెలుస్తుంది.

అరటి గెలలతో మొదలైన కథ

అమెరికా వ్యాపారం జమైకాకు మొదట అమ్మడానికి రాలేదు, తీసుకుపోవడానికి వచ్చింది. 1870లో లోరెంజో డౌ బేకర్ అనే అమెరికన్ ఓడ కెప్టెన్ జమైకా నుంచి అరటి గెలలు ఎక్కించుకుపోయి అమెరికాలో అమ్మి లాభం చూశాడు. ఆ వ్యాపారం 1885లో బోస్టన్ ఫ్రూట్ కంపెనీ అయింది. 1899లో మరికొన్ని కంపెనీలతో కలిసి యునైటెడ్ ఫ్రూట్ కంపెనీగా మారింది. లాటిన్ అమెరికాలో ప్రభుత్వాలనే శాసించిన ఆ గుత్త సంస్థ వేళ్లలో ఒకటి జమైకా చిన్న రైతు అరటి తోటలోనే ఉంది.

ఆ కంపెనీ వారసురాలే నేటి చికీటా. 1975 నుంచి లోమే ఒప్పందం కింద జమైకా వంటి పూర్వపు వలస దేశాల అరటికి యూరప్ మార్కెట్‌లో కొంత రక్షణ ఉండేది. కొండ వాలు మీద రెండు మూడెకరాల్లో పండించే జమైకా రైతు, లాటిన్ అమెరికాలోని వేల ఎకరాల కంపెనీ తోటలతో ధరలో పోటీ పడలేడు కాబట్టే ఆ ఏర్పాటు. ప్రపంచ వాణిజ్య సంస్థ వచ్చాక అమెరికా, మరో నాలుగు లాటిన్ అమెరికా దేశాలు కలిసి ఆ రక్షణ మీద కేసు వేశాయి. ఎగుమతి చేసేటంత అరటి అమెరికాలో పండదు. అయినా తన కంపెనీల కోసం కేసు నడిపింది, 1997లో గెలిచింది. రక్షణ క్రమంగా కరిగిపోయింది. 2008లో గుస్తావ్ తుపాను తోటలను నేలమట్టం చేశాక బ్రిటన్‌కు అరటి పంపే పెద్ద కంపెనీ ఇక చాలని ఎగుమతి మానేసింది. పైకి తుపాను దెబ్బే కనిపించింది. కానీ తుపాను తర్వాత మళ్లీ నాటుకునే ఓపిక రైతుకు లేకుండా చేసింది వాణిజ్య తీర్పు.

అప్పు తెచ్చిన షరతులు

1962లో స్వాతంత్ర్యం వచ్చిన జమైకాను 1970ల చమురు ధరలు దెబ్బతీశాయి. మైకేల్ మాన్లీ ప్రభుత్వం 1977లో ఐఎంఎఫ్ గుమ్మం ఎక్కక తప్పలేదు. తర్వాత వచ్చిన ఎడ్వర్డ్ సియాగా ప్రభుత్వం 1980లలో అదే దారిలో ఇంకా ముందుకు పోయింది. అప్పుతో పాటు వచ్చిన షరతులు మనకూ 1991 నుంచి పరిచయమున్నవే: కరెన్సీ విలువ తగ్గించు, రాయితీలు కోసెయ్యి, దిగుమతి సుంకాలు తగ్గించు, ప్రభుత్వం మార్కెట్ నుంచి తప్పుకో. 1970ల మొదట్లో ఒక అమెరికన్ డాలరు ఒక జమైకా డాలరు కంటే తక్కువకే దొరికేది. ఇప్పుడు దానికి 150కి పైగా ఇవ్వాలి. ఎరువు, డీజిల్, పురుగుమందు, దాణా అన్నీ డాలర్లలో కొనే దేశంలో దీని అర్థం ఏమిటో రైతుకు వేరే చెప్పక్కర్లేదు.

గొలుసు దుకాణాల విస్తరణ ఈ నేపథ్యంలోనే సాగింది. కేఎఫ్‌సీ 1970ల మధ్యలోనే వచ్చింది. మిగతావి 1980లు, 1990లలో ఒకదాని వెంట ఒకటి దిగాయి. నౌకాశ్రయం దగ్గర సుంకం తగ్గితేనే మయామి నుంచి వచ్చే కంటైనర్ సరుకు మీద ఆధారపడిన వంటశాల గిట్టుబాటు అవుతుంది. కాబట్టి సుంకాల తగ్గింపునూ దుకాణాల రాకనూ విడదీసి చూడలేం.

పాలు: రక్షణ పోయిన చోట

ముందు పాడి రైతు సంగతి. జమైకాకు సొంత పాడి జాతి ఉంది. పేరు జమైకా హోప్. టి.పి. లెకీ అనే జమైకా శాస్త్రవేత్త ఏళ్ల తరబడి కృషి చేసి, జెర్సీ ఆవును మన భారత ఉపఖండపు సాహివాల్‌తో కలిపి, కొంత హోల్‌స్టీన్ రక్తం కూడా చేర్చి దీన్ని తయారు చేశాడు. 1950ల మొదట్లో దీనికి ప్రత్యేక జాతిగా గుర్తింపు వచ్చింది. వేడిని, పిడుదుల్ని, నాసిరకం మేతను తట్టుకుని పాలిచ్చే ఆవు. చిన్న రైతు కోసమే పుట్టిన ఆవు.

1992లో సరళీకరణలో భాగంగా పాలపొడి మీద సుంకాలు తీసేశారు, స్థానిక పాడికి ఇచ్చే రాయితీలు ఎత్తేశారు. అమెరికా, యూరప్ దేశాలు మాత్రం తమ పాడి రైతులకు రాయితీలు ఇస్తూనే ఉన్నాయి. ఆ రాయితీలతో చవకైన పాలపొడి బస్తాలు ఓడల్లో దిగాయి. ప్రాసెసింగ్ కంపెనీలకు ఊరూరా తిరిగి పాలు సేకరించి, చల్లబరిచి, మోసుకొచ్చే ఖర్చుకంటే పొడిని నీళ్లలో కలపడం చవక అయింది. ఒక్క ఏడాదిలోనే లక్షల డాలర్ల విలువైన పాలు నేలపాలయ్యాయి. సుమారు 700 పాడి ఆవులను వయసు రాకముందే కబేళాకు పంపారు. 2001లో స్టెఫానీ బ్లాక్ తీసిన ‘లైఫ్ అండ్ డెట్’ డాక్యుమెంటరీ ఈ విధ్వంసాన్ని ప్రపంచానికి చూపింది. 1992 ప్రాంతంలో ఏటా 3.8 కోట్ల లీటర్ల దాకా ఉన్న పాల ఉత్పత్తి తర్వాతి రెండు దశాబ్దాల్లో సుమారు మూడో వంతుకు పడిపోయింది.

ఇప్పుడు పిజ్జా మీద చీజ్, ఐస్‌క్రీం, మిల్క్‌షేక్ అమ్ముడవుతూనే ఉన్నాయి. పాల పదార్థాల గిరాకీ ఏటా పెరిగింది. కానీ ఆ పెరుగుదలలో జమైకా ఆవుకు వాటా చాలా తక్కువ. ఆవులు అమ్ముకుని పాక ఖాళీ చేసుకున్న కుటుంబం మళ్లీ పాడిలోకి రావడం ఎంత కష్టమో పాల కేంద్రం మూతపడిన మన ఊళ్లను అడిగితే చెబుతాయి.

కోడి: రక్షణ మిగిలిన చోట

ఇక కోళ్ల రైతు. జమైకన్లకు కోడి మాంసం రోజువారీ తిండి. కేఎఫ్‌సీ అక్కడ అంతగా పాతుకుపోవడానికి అదొక కారణం. అమెరికాలో జనం రొమ్ము మాంసం ఎక్కువ ఇష్టపడతారు. కాబట్టి కాళ్లు, వెనక భాగాలు మిగిలిపోతాయి. రొమ్ము మాంసం మీదే లాభం వచ్చేసింది కాబట్టి మిగిలినవి ఏ ధరకు పోయినా అక్కడి కంపెనీకి మంచిదే. ఈ సరుకు ఏ చిన్న దేశంలో దిగినా అక్కడి కోళ్ల ఫారాలు మూతపడతాయి.

జమైకా ఇక్కడ మాత్రం గట్టిగా నిలబడింది. దిగుమతి కోడి మాంసం మీద 260 శాతం సుంకం పెట్టి, అమెరికా ఎంత సణిగినా ఉంచుకుంది. అందువల్ల జమైకాలో కేఎఫ్‌సీ బకెట్‌లో ఉన్న కోడి జమైకా షెడ్డులో పెరిగిన కోడి. 1958 నుంచి ఉన్న జమైకా బ్రాయిలర్స్, కరీబియన్ బ్రాయిలర్స్ అనే రెండు పెద్ద సంస్థల కింద ఎందరో రైతులు కాంట్రాక్టు పద్ధతిలో కోళ్లు పెంచుతున్నారు. అమెరికా బోర్డు పెట్టుకున్న దుకాణమే ఆ రైతులకు గిరాకీ అయింది. దుకాణం యజమానికి స్వదేశాభిమానం పుట్టి ఇలా జరగలేదు. బయటి కోడి 260 శాతం సుంకంతో గిట్టుబాటు కాలేదు, అందుకని ఊరి కోడి కొన్నాడు.

అయితే ఈ విజయాన్ని సగంగానే లెక్కించాలి. మొదటి సంగతి, పేదలు తినే కోడి మెడలు, వీపు ముక్కలు తక్కువ సుంకంతో బయటి నుంచి వస్తూనే ఉన్నాయి. రెండవది దాణా. జమైకా కోడి తినే మొక్కజొన్న, సోయా ఎక్కువగా అమెరికా నుంచే వస్తాయి. అక్కడ కరువు వచ్చినా, డాలరు పెరిగినా ఇక్కడ షెడ్డు యజమాని గుండె జారిపోతుంది. మూడవది, సుంకం కాపాడిన మార్కెట్‌లో రెండు పెద్ద కంపెనీలదే మాట. పిల్ల కంపెనీది, దాణా కంపెనీది, ధర కంపెనీది. షెడ్డు, కరెంటు, శ్రమ, నష్టభయం రైతువి. ఇంటిగ్రేషన్ కంపెనీలకు కోళ్లు పెంచే మన రైతులకు ఈ లెక్క కొత్త కాదు.

బంగాళాదుంప, కాఫీ: మధ్యలో ఆగిన కథలు

జమైకాలో మాంచెస్టర్ పారిష్‌లోని క్రిస్టియానా కొండ ప్రాంతం బంగాళాదుంపకు పేరు. అక్కడ రైతుల సహకార సంఘం ఉంది. 2008 ఆహార ధరల సంక్షోభం తర్వాత ప్రభుత్వం విత్తనం, సలహా ఇచ్చి ప్రోత్సహిస్తే కూరకు వాడే దుంపలో దేశం చాలా వరకు స్వయంసమృద్ధికి దగ్గరైంది. చేయిస్తే రైతు చేయగలడని అది రుజువు చేసింది. కానీ గొలుసు దుకాణానికి కావలసింది ఒకే పొడవు, తక్కువ నీటి శాతం ఉన్న దుంపను కోసి, సగం వేయించి, గడ్డకట్టించిన ఫ్రైలు. అవి చాలా వరకు దిగుమతి సరుకే. కొండ మీద పండే దుంప ఆ కొలతకు రాదు, వచ్చేలా చేసే రకమూ ఫ్యాక్టరీ పెట్టుబడీ రైతు చేతిలో లేవు.

ఈ కొలతల సంగతి కాస్త వివరంగా చూడాలి. జమైకాలో చాలా మంది రైతుల చేతిలో ఐదెకరాల లోపే భూమి, అదీ కొండ వాలు. మంచి మైదాన భూములు చెరకు ఎస్టేట్లవి. గొలుసు దుకాణం ఏడాది పొడవునా వారానికి ఇన్ని టన్నులు, ఒకే సైజు, కడిగి, చల్లగా, చెప్పిన గంటకు కావాలంటుంది. డబ్బు నెల తర్వాత ఇస్తానంటుంది. కింగ్‌స్టన్‌లోని కరోనేషన్ మార్కెట్‌లో సరుకు అమ్మే ఆడవాళ్లను అక్కడ హిగ్లర్లంటారు. ఊళ్ల నుంచి తెచ్చిన యామ్ గడ్డలు, ఉల్లికాడలు, క్యారెట్ చిన్నదీ పెద్దదీ కలిపి అమ్మి సాయంత్రానికి రైతుకు చేతిలో డబ్బు పెడతారు. ఈ రెండు మార్కెట్ల మధ్య చిన్న రైతు ఎటు నిలబడగలడో చెప్పనక్కర్లేదు. చైన్ దుకాణాల వాటా పెరిగిన కొద్దీ హిగ్లర్ల మార్కెట్ తగ్గుతుంది, దాంతో పాటే చిన్న రైతుకు తలుపు మూసుకుంటుంది.

కాఫీదీ ఇలాంటి తంతే. బ్లూ మౌంటెన్ కాఫీ ప్రపంచంలో ఖరీదైన కాఫీల్లో ఒకటి. పంటలో పెద్ద భాగం జపాన్ కొంటుంది. స్టార్‌బక్స్ వచ్చిన 2017 ప్రాంతంలోనే ఆ కొండల మీద రైతుకిచ్చే పచ్చి కాయల ధర బాగా పడిపోయి చాలా మంది తోటలు పట్టించుకోవడం మానేశారు. పట్టణంలో కాఫీ దుకాణాలు పెరిగినంత మాత్రాన కాఫీ రైతు ధర పెరగదు. మన అరకు గిరిజన రైతులకు ఇది అనుభవమే.

బోర్డు మారితే సరిపోతుందా?

మెక్‌డొనాల్డ్స్ 1995లో జమైకాలో దిగి 2005లో దుకాణం మూసుకుని వెళ్లిపోయింది. చాలినంత గిరాకీ రాలేదు. టేస్టీ, జూసీ ప్యాటీస్, ఐలండ్ గ్రిల్ వంటి స్థానిక గొలుసులు మాత్రం నిలబడి పెరిగాయి. జూసీ ప్యాటీస్ అమెరికాలో కూడా దుకాణాలు తెరిచింది. ఇది సంతోషించవలసిన సంగతే. అమెరికా కంపెనీని ఎవరూ ఓడించలేరనే భయం అక్కర్లేదని ఇది చెబుతుంది.

కానీ అక్కడితో ఆగితే పొరపాటు. జమైకా ప్యాటీ చేసే పిండి గోధుమది. జమైకాలో గోధుమ పండదు. యజమాని జమైకా వాడైనా పిండి బయటి పొలానిదే. అటు, అమెరికా బోర్డున్న కేఎఫ్‌సీని నడిపేది జమైకా కంపెనీయే, కోడి జమైకాదే, పనివాళ్లు జమైకా యువకులే. కాబట్టి బోర్డును చూసి మిత్రుణ్ణీ శత్రువునూ తేల్చుకుంటే రైతుకు లెక్క తప్పుతుంది. చూడవలసింది వంటింటి వెనక ఉన్న పొలం ఎవరిదని.

బోర్డుకు కూడా ఒక ధర ఉంది. ఫ్రాంచైజీ తీసుకున్న స్థానిక కంపెనీ లాభం వచ్చినా రాకపోయినా మొత్తం అమ్మకాల మీద ఒక శాతం, సాధారణంగా 4 నుంచి 6, రాయల్టీగా అమెరికాకు డాలర్లలో పంపాలి. ప్రకటనల ఖర్చు అదనం. జమైకా ఏటా వంద కోట్ల డాలర్లకు పైగా ఆహార దిగుమతులకే ఖర్చు చేస్తోంది. పర్యాటకుల నుంచి, విదేశాల్లో పనిచేసే బిడ్డల నుంచి వచ్చిన డాలర్లు ఇలా తిరిగి వెళ్లిపోతున్నాయి.

జనం ఆ దుకాణాలకు ఎందుకు వెళ్తున్నారో కూడా న్యాయంగా చెప్పుకోవాలి. శుభ్రంగా ఉంటాయి, వేళకు తెరుస్తారు, ధర బోర్డు మీద రాసి ఉంటుంది, పిల్లలు అడుగుతారు. చదువుకున్న యువతకు నెల జీతం ఇస్తాయి. పొలం ఆ జీతం ఇవ్వలేకపోయిందన్నది నిజం. అయితే 2016–17 ఆరోగ్య సర్వేలో 15 ఏళ్లు దాటిన జమైకన్లలో సగానికి పైగా అధిక బరువో ఊబకాయమో ఉన్నవారని, ముగ్గురిలో ఒకరికి రక్తపోటు ఉందని తేలింది. దీనికంతా దుకాణాలే కారణమనలేం. కానీ యామ్, బ్రెడ్‌ఫ్రూట్, కసావా పక్కకు జరిగి వేపుడు, మైదా, తీపి పానీయాలు ముందుకు వచ్చిన తిండి మార్పు మాత్రం కళ్లకు కనిపిస్తున్నదే.

ప్రభుత్వం ఎందుకు ఆపలేదు?

దుకాణాలు స్థానిక సరుకే కొనాలని చట్టం చేయవచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థతో పాటే వచ్చిన ట్రిమ్స్ అనే ఒప్పందం అలాంటి షరతును నిషేధించింది. పెట్టుబడిదారుని స్థానిక సరుకే కొనమని నిర్బంధించరాదు. ఆ తలుపు మూశాక చిన్న దేశం చేతిలో ప్రధానంగా మిగిలిన ఆయుధం దిగుమతి సుంకం. జమైకా దాన్ని కోడి విషయంలో దాచుకుంది, పాల విషయంలో పారేసుకుంది. ఫలితాలు పైన చూశాం.

పక్కనున్న హైతీ కథ ఇంకా దారుణం. 1995లో బియ్యం మీద సుంకాన్ని 50 శాతం నుంచి 3 శాతానికి తగ్గించారు. రాయితీలతో పండిన అమెరికా బియ్యం ముంచెత్తింది. తమ బియ్యం తామే పండించుకోగలిగిన దేశం దిగుమతి బియ్యం మీద బతికే స్థితికి వచ్చింది. ఆ విధానాన్ని ముందుకు తోసిన బిల్ క్లింటన్ 2010 మార్చిలో అమెరికా సెనేట్ కమిటీ ముందు అది పొరపాటని ఒప్పుకున్నాడు. తన సొంత రాష్ట్రం ఆర్కాన్సాస్ రైతుల్లో కొందరికి మేలు జరిగి ఉండవచ్చు గానీ హైతీ రైతు నష్టపోయాడని అన్నాడు. పదిహేనేళ్ల తర్వాత చెప్పిన క్షమాపణతో పొలం వదిలి పట్టణపు మురికివాడకు చేరిన రైతు వెనక్కి రాలేదు.

వేరే దారి తీసుకున్న చోటూ ఉంది. అట్లాంటిక్‌లోని చిన్న బ్రిటిష్ ద్వీపం బెర్ముడా 1997లో చట్టం చేసి విదేశీ గొలుసు రెస్టారెంట్లను నిషేధించింది. అంతకు ముందే ఉన్న ఒక్క కేఎఫ్‌సీ మిగిలింది. కోర్టులకెక్కినా ఆ చట్టం నిలబడింది. బెర్ముడా ధనిక ప్రాంతం, దానికి ఐఎంఎఫ్ అప్పు లేదు. అప్పు లేనివాడికే వద్దనే ధైర్యం ఉంటుందని దీన్నిబట్టి తెలుస్తుంది.

తుపానుల సంగతి కూడా మరవరాదు. జమైకా అన్నపూర్ణ అనదగ్గ సెయింట్ ఎలిజబెత్ పారిష్‌లో రైతులు వాన తక్కువైనా ఎండుగడ్డి పరిచి తేమ కాపాడుకుంటూ కూరగాయలు పండిస్తారు. 2024 జూలైలో బెరిల్ తుపాను ఆ పొలాలను తుడిచిపెట్టింది. కోలుకునే లోపే 2025 అక్టోబరు 28న అత్యంత తీవ్రమైన మెలిస్సా తుపాను దేశం పడమటి భాగాన్ని చీల్చుకుంటూ పోయింది. కొన్నాళ్లు దిగుమతి తప్పదు. ప్రశ్న ఆ తర్వాతిది. రైతు మళ్లీ పంట తీసేసరికి అతని పాత కొనుగోలుదారు బయటి సరుకుకు అలవాటు పడి ఉంటే ఆ మార్కెట్ తిరిగి రాదు. మన కోస్తా రైతులు ఈ మాట సులభంగా అర్థం చేసుకుంటారు.

మనకు ఏమి?

1995లో మెక్‌డొనాల్డ్స్ జమైకాలో దిగింది. అదే ఏడాది కేఎఫ్‌సీ మన దేశంలో మొదటి దుకాణం బెంగళూరులో తెరిచింది. 1996 జనవరిలో ప్రొఫెసర్ నంజుండస్వామి నాయకత్వంలోని కర్ణాటక రైతు సంఘం కార్యకర్తలు ఆ దుకాణం మీద దాడి చేశారు. ఆనాటి ఆగ్రహం న్యాయమైనది. కానీ ముప్పై ఏళ్ల తర్వాత దుకాణాలు వందల్లో ఉన్నాయి. అద్దాలు పగిలితే మళ్లీ పెట్టుకుంటారు. పోయిన సుంకాన్ని తిరిగి పెట్టడం అంత సులువు కాదు.

అసలు పోరు అక్కడ జరుగుతోంది. అమెరికా కోడి కాళ్లను అడ్డుకున్నామని 2012లో మన మీద ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేశారు. 2015లో మనం ఓడిపోయాం. బర్డ్ ఫ్లూ పేరుతో పెట్టిన నిషేధం చెల్లదన్నారు. తర్వాత మన కోళ్ల రైతుకు ప్రధానమైన అడ్డుగోడగా మిగిలింది 100 శాతం దిగుమతి సుంకమే. 2019 నవంబరులో ఆర్‌సెప్ ఒప్పందం నుంచి దేశం బయటికి వచ్చిందంటే పాడి రైతుల ఒత్తిడి అందుకు ఒక ముఖ్య కారణం. 2025లో అమెరికాతో జరిగిన వాణిజ్య చర్చల్లో కూడా పాలు, మొక్కజొన్న, సోయా దగ్గరే పీటముడి పడింది. జమైకా పాడి రైతుకు 1992లో జరిగింది మన మహిళా పాడి సంఘాలకు ఏ ఏడాది జరుగుతుందన్నది ఇలాంటి చర్చల బల్ల మీదే తేలుతుంది.

ఇక్కడి సరుకే కొంటామన్న కంపెనీ కూడా దానంతటదే మిత్రుడు కాదు. చిప్స్ దుంప రకం అనుమతి లేకుండా పండించారని పెప్సీకో 2019లో గుజరాత్ రైతుల మీద ఒక్కొక్కరిని కోటి రూపాయలకు పైగా అడుగుతూ దావాలు వేసింది. దేశమంతా రైతు సంఘాలు లేచాకే వెనక్కి తీసుకుంది. పొలం మనదైతే చాలదు, విత్తనం మీద, ధర మీద కూడా మన మాట ఉండాలి.

అందుకే మన సంఘం ముందు ఈ డిమాండ్లు ఉంచుతున్నాం.

1. పాలు, పాలపొడి, కోడి మాంసం, మొక్కజొన్న, సోయా మీద దిగుమతి సుంకాలను ఏ వాణిజ్య ఒప్పందంలోనూ తగ్గించరాదు. వ్యవసాయం రాష్ట్రాల జాబితాలోని అంశం. ఒప్పంద ముసాయిదాలను పార్లమెంటుతో పాటు శాసనసభల్లోనూ చర్చకు పెట్టాలి.

2. మధ్యాహ్న భోజనం, హాస్టళ్లు, అంగన్‌వాడీలు, ఆసుపత్రులకు కావలసిన పాలు, గుడ్లు, కూరగాయలు, పప్పులు స్థానిక సహకార సంఘాల నుంచే కొనాలి. ప్రభుత్వం తన అవసరాలకు చేసే కొనుగోళ్లకు ట్రిమ్స్ వంటి అడ్డంకులు లేవు.

3. కాంట్రాక్టు కోళ్ల రైతులకు తెలుగులో రాతపూర్వక ఒప్పందం ఇవ్వాలి. కరెంటు, కూలి, ఊక ఖర్చులు పెరిగినప్పుడల్లా గ్రోయింగ్ చార్జీలు సవరించాలి.

4. గొలుసు దుకాణాలకు, వాటి సరఫరా కంపెనీలకు సరుకు ఇచ్చే రైతుకు తిరస్కరణ కారణం రాసి ఇవ్వాలి. వారంలోగా డబ్బు చెల్లించాలి.

5. గ్రేడింగ్ షెడ్లు, చల్లని గిడ్డంగులు రైతుల సహకార సంఘాల చేతిలో, ప్రభుత్వ పెట్టుబడితో రావాలి. అవి లేనంతకాలం కొలతల పేరుతో చిన్న రైతును బయటికి తోస్తూనే ఉంటారు.

ఈ సంచికను గ్రామశాఖ సమావేశంలో చదివి చర్చించండి. మీ మండల కేంద్రంలో ఉన్న హోటళ్లు, బేకరీలు, కొత్తగా వచ్చిన చైన్ షాపులు, ప్రభుత్వ హాస్టళ్లు పాలు, కోడి, నూనె, దుంప ఎక్కడి నుంచి తెస్తున్నాయో ఒక కాగితం మీద రాయండి. అందులో మన ఊళ్ల పేర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి జిల్లా కమిటీకి పంపండి. వాణిజ్య ఒప్పందాల మీద మనం అధికారులతో మాట్లాడేటప్పుడు ఆ లెక్క మన చేతిలో ఉండాలి. జమైకా పాడి రైతులు ఆ లెక్క చూసుకునేసరికి ఆవులు కబేళాకు వెళ్లిపోయాయి. మనకు ఇంకా వ్యవధి ఉంది.